బీరువారోహణ ఘట్టం: టీకా తాత్పర్య విశేషములు

మూలం (వచనం): "ఆఁ, పట్టండి. ఎత్తండి. ఇటు, ఇటు... ఇటు కాదయ్యా, అటు! ఆగండాగండి, వేలు, వేలు!"

అవతారిక: ఆరున్నర అడుగుల ఇనప బీరువా రెండో అంతస్తుకు పోవుచు మెట్ల మలుపులో ఇరుక్కున్న సమయమున, ఇద్దరు హమాలీలు, ఇద్దరు చుట్టాలు మోయుచుండగా, ఏమీ మోయని ఇంటివారి బావగారు పలికిన పలుకులివి.

టీక: ఆఁ = అర్థం లేదు, ప్రయోజనం మాత్రం ఉన్నది. ఇది లేకుండా ఎత్తితే ఒక మూల ముందు లేచి, బరువంతా ఎదుటి మూలవాడి మణికట్టు మీద పడుతుంది. పట్టండి = అడుగు అంచు పట్టండి; తలుపు పిడి కాదు. ఎత్తండి = స్పష్టము.

ఇటు = ఎటు? పైమెట్టువాడు వెనక్కి నడుచుచున్నాడు గనుక అతని కుడి కిందివాడికి ఎడమ. బావగారు వేలితో చూపించారే అందురా, బీరువా అడ్డముండగా ఆ వేలు ఎవరికి కనబడును? అందుచేతనే హమాలీలు "గోడ వైపు", "రెయిలింగు వైపు" అందురు. ఎవరు ఎటు తిరిగి ఉన్నా గోడ గోడే. కలిసి చేసే పనికి ఇంతకంటె మంచి పరిభాష నాకు తెలియదు.

ఆగండాగండి = ఈ మాట ఎవరన్నా ఆగవలెను; కారణం తరువాత అడగవచ్చును. వేలు = ఎవరిదో చెప్పలేదు గనుక అందరూ తమది చూసుకొనిరి.

తాత్పర్యం: మెట్ల మీద కిందివాడికి బరువెక్కువ, పైవాడికి దారి కనబడదు. కావున చేతులు ఖాళీగా ఉన్నవాడొకడు ఉండుట దోషం కాదు, అవసరమే. అట్టివారు ముగ్గురుండుట దోషం.

విశేషం: నన్నయ అరణ్యపర్వం నడుమ దింపిన భారతాన్ని తిక్కన విరాటపర్వం దగ్గర ఎత్తుకొనెను. నడుమ మిగిలిన ఇరుకు మలుపు 14వ శతాబ్దిలో ఎర్రన వంతు వచ్చినది. ఆయన నన్నయ ధోరణిలో అందుకొని, మెల్లగా తిక్కన వైపు మళ్లించి, ఆ భాగాన్ని రాజరాజనరేంద్రుడికే అంకితం చేసినాడు. తన పేరు బీరువా మీద గీకలేదన్నమాట. మన బావగారు పైకి చేరకముందే ఫొటో తీయించుకొనిరి.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో చివర "ఇంతకీ లోపలి ఇత్తడి సామాను తీశారా?" అను వాక్యం కలదు. ప్రక్షిప్తమైతే బాగుండునని హమాలీల ఆశ. బరువును బట్టి చూడగా మూలమే.