‘బండి ఆపకు’: యాత్రికసూత్రానికి ప్రోతరాపూర్ టీకా

మూలం: నగదు తెచ్చుకో, బండి ఆపకు, గవ్వ ఏరకు, పొద్దు గుంకకముందే తీరం విడువు.

అవతారిక. అండమాన్ వచ్చిన యాత్రికుడికి హోటలు గుమాస్తా, టాక్సీ డ్రైవరు, జెట్టీ దగ్గర కొబ్బరిబోండాలు కొట్టేవాడు ఎవరికి తోచినట్టు వారు చెప్పే సలహాలన్నీ పిండితే మిగిలేవి ఈ నాలుగు వాక్యాలే. సూత్రమన్నాక పొట్టిగా ఉంటుంది, పొట్టిగా ఉంది కాబట్టే టీకా కావలసివస్తుంది. ఈ టీకాను ప్రోతరాపూర్‌లో మొదలుపెట్టడానికి కారణం ఉంది. శ్రీవిజయపురానికి, అంటే 2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్ అనిపించుకున్న ఊరికి, దగ్గర్లోనే ఉన్నా ఈ ఊరు యాత్రికుల జాబితాల్లో కనిపించదు. ప్రోథెరో అనే దొర పేరుకు ‘పూర్’ తగిలించగా పుట్టిన పేరిది. మన వ్యాకరణం పంతుళ్లు చూస్తే వైరి సమాసమని కొట్టేస్తారు. దేశం నలుమూలల నుంచి వచ్చినవారు టికెట్టు కొని మరీ చూసే సెల్యులర్ జైలు 1906లో పూర్తయింది, ఇప్పుడది స్మారకం. ఈనాటి ఖైదీలున్న జిల్లా జైలు ప్రోతరాపూర్‌లో ఉంది, దానికి టికెట్టు లేదు. చూసే ఊరు వేరు, కాపురముండే ఊరు వేరు. సలహా చెప్పేది కాపురమున్నవాడు, వినేది చూడవచ్చినవాడు. సూత్రంలోని చిక్కంతా ఇక్కడే ఉంది.

ప్రతిపదార్థం. ‘తెచ్చుకో’, ‘ఆపకు’, ‘ఏరకు’, ‘విడువు’ నాలుగూ మధ్యమ పురుష ఏకవచనాలు. అతిథిని ‘ఆపకండి’ అనవలసింది పోయి ‘ఆపకు’ అనడం మర్యాద లోపం కదా అంటే, కాదు. సూత్రాల్లో అక్షరాలకు పొదుపెక్కువ. అసలు లోపం మరొకటుంది. నాలుగు వాక్యాల్లో ఒక్కదాంట్లోనూ చతుర్థీ విభక్తి లేదు. కొఱకున్, కై అన్న ప్రత్యయాలు రెండూ మాయమయ్యాయి. ఎవరికై ఆపకూడదు? ఎవరి కొరకు ఏరకూడదు? లేని పదాన్ని సందర్భాన్ని బట్టి తెచ్చి చేర్చుకోవడాన్ని అధ్యాహారం అంటారు. యాత్రికుడు చదివేటప్పుడు తనకు తెలియకుండానే ‘నీ కొరకు’ అని అధ్యాహారం చేసుకుంటాడు: నా సౌకర్యం కోసం, నా ప్రాణం కోసం, నా డబ్బు పోకుండా ఉండడం కోసం చెబుతున్నారని. అందుకే ‘నాకేం భయం లేదు’ అనుకున్న మరుక్షణం సలహాను పక్కన పెడతాడు. అక్కడ చేర్చుకోవలసిన పదం ‘ఊరి కొరకు’ అని ఈ టీకా ప్రతిపాదన.

ఈ అన్వయం అండమాన్‌కు మాత్రమే కాదు. కెన్యా, టాంజానియా అడవులు చూడబోయే తెలుగువారికి ట్రావెల్ ఏజెంటు మొట్టమొదట చెప్పేది పచ్చజ్వరం టీకా సంగతి. ఇక్కడ టీకా అన్న మాటకు శ్లేష ఉంది, రసజ్ఞులు గ్రహించాలి. సూది పొడిపించుకున్నవాడు అది తన ఆరోగ్యానికే అనుకుంటాడు, అది నిజమే. కాని సూదితోపాటు ఇచ్చే పసుపు రంగు కార్డు సంగతేమిటి? ఒంట్లో మందు పనిచేయడానికి కార్డుతో పని లేదు. ఆ కార్డు అడిగేది తిరిగి వచ్చినప్పుడు మన విమానాశ్రయంవాళ్లు. మన దేశంలో పచ్చజ్వరం లేదు. దాన్ని మోసుకు తిరిగే దోమ మాత్రం దండిగా ఉంది, డెంగీ తెచ్చేదీ అదే. జబ్బు ఒక్క ఒంట్లో దిగబడితే చాలు, మిగతా పని మన వీధి దోమలు చూసుకుంటాయి. అందుకే కార్డు లేకుండా వచ్చినవాణ్ని ఆరు రోజులు విడిగా ఉంచుతారు. సూది యాత్రికుడికై, కార్డు ఊరికై. అలాగే 2019 జూన్ నుంచి టాంజానియా, ప్లాస్టిక్ సంచులతో దిగవద్దని వచ్చేవారికి ముందే చెబుతోంది. ఆ సంచివల్ల యాత్రికుడికి పోయేదేమీ లేదు.

‘బండి ఆపకు’. సూత్రానికి ప్రాణం ఇదే కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుదాం. (టీకాకారుడికి ఆ స్వేచ్ఛ ఉంది.) దక్షిణ అండమాన్‌లో జిర్కాటాంగ్ గేటు నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా సుమారు 50 కిలోమీటర్ల రోడ్డు జరవా ఆదివాసుల అడవి గుండా పోతుంది. గేటు దగ్గర బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి నిలబడి, గేటు తీశాక పోలీసు కాపలాతో కదులుతాయి. దారిలో ఆగకూడదు, ఫొటో తీయకూడదు, తినేదేదీ ఇవ్వకూడదు. యాత్రికుడి మామూలు అధ్యాహారం ‘వాళ్లు బాణం వేస్తారేమో, అందుకని’. ఈ భయానికి పాత చరిత్ర కొంత ఊతమిస్తుంది కాని, నిబంధన పుట్టిన చోటు అది కాదు. 1858 మార్చిలో మొదటి విడత ఖైదీలు ఇక్కడ దిగేనాటికి వేల సంఖ్యలో ఉన్న గ్రేట్ అండమానీయులనే ఆదివాసులు 1961 జనగణన నాటికి 19 మంది. యుద్ధాలకంటే వాళ్లను ఎక్కువగా తిన్నవి జబ్బులు. అందులో 1877లో వచ్చిన తట్టు చేసినంత నష్టం మరేదీ చేసి ఉండదు. జరవాలు అడవి దాటి బయటివారితో కలవడం మొదలైంది 1990ల చివర్లో. 1999లోనే వాళ్లలో తట్టు పుట్టుకొచ్చింది. మన పిల్లలకు తట్టు వస్తే వేపమండలు కట్టి, అమ్మవారని దణ్ణం పెట్టుకుని, వారం పది రోజుల్లో తేలిందనుకునేవాళ్లం. ఆ అమ్మవారిని ఎన్నడూ ఎరగని ఒంట్లో ఆమె నడిచే తీరు వేరు. ఇప్పుడు ఆగిన బండిలోంచి చాచిన చెయ్యిని చూడండి. అందులో బిస్కెట్ పొట్లం ఉంది, దాంతోపాటు యాత్రికుడి జలుబూ ఉంది. భయపడవలసింది బండి బయట ఉన్నవాళ్లు.

ఈ అధ్యాహారం తప్పినవాళ్లు ఎంత దూరం పోగలరో బయటివారిని రానివ్వని ఆదివాసుల దీవి నార్త్ సెంటినల్ చెబుతుంది. 2018 నవంబరులో మతప్రచారానికని ఆ దీవిలో దిగిన అమెరికన్ యువకుడు తన ప్రాణాన్ని పణంగా పెట్టాడు, అది పోయింది. వార్తలన్నీ అతడి సాహసం చుట్టూ, అతడి మరణం చుట్టూ తిరిగాయి. అంటే పత్రికలు కూడా ‘నీ కొరకు’ అనే అధ్యాహారం చేసుకున్నాయన్నమాట. 2025 మార్చిలో మరో అమెరికన్ అదే తీరాన కొబ్బరికాయా, శీతల పానీయం డబ్బా పెట్టి వచ్చి అరెస్టయ్యాడు. కొబ్బరికాయ చూసి నైవేద్యమనుకోవద్దు; దేవుడు నైవేద్యం ముట్టడని మనకు ధైర్యం, మనుషుల విషయంలో ఆ ధైర్యం చెల్లదు.

పూర్వపక్షం. ‘ఊరికై’ అన్న మాటే నిజమైతే అసలు ఆ రోడ్డెందుకు? ఆదివాసుల రక్షణకు 1956లోనే ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. అడవిలో పడే రోడ్డు భాగాలను మూసేయమని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా రోడ్డు నడుస్తోంది. బారాటాంగ్ సున్నపురాతి గుహలకూ, బురద ఉబికే అగ్నిపర్వతానికీ యాత్రికులు ఆ దారినే పోతున్నారు. రోడ్డు వేసినవాణ్ని వదిలి, దానిమీద వెళ్లేవాడికి నీతులు చెప్పడమేమిటి? ఈ ఆక్షేపణ బలమైనది, దీన్ని దాటవేసే టీకాకారుడు పండితుడనిపించుకోడు. ఉత్తర, మధ్య అండమాన్ జనం ఆసుపత్రికీ ఆఫీసుకూ రావడానికి ఆ రోడ్డు మీద ఆధారపడ్డారు. గుహలు చూసేవాడు అదే అవసరాన్ని అడ్డం పెట్టుకోలేడు. బారాటాంగ్‌కు సముద్రం మీదుగా కూడా పోవచ్చు. కాబట్టి పూర్వపక్షివల్ల సలహా చెడలేదు, ఇంకా గట్టిపడింది: ‘ఆపకు’ అన్నది కనీస ధర్మం, ‘ఆ దారినే పోకు’ అన్నది దాని వెనకున్న సూత్రకర్త హృదయం.

‘గవ్వ ఏరకు’. చిల్లిగవ్వ చెయ్యదని మనం తీసిపారేసే వస్తువు ఒకప్పుడు సముద్రాల మీద నడిచిన నాణెం. మాల్దీవుల గవ్వలు బెంగాల్ మీదుగా ఐరోపా ఓడల్లో పశ్చిమ ఆఫ్రికా చేరి, అక్కడ మనుషులను కొనడానికి కూడా చెల్లాయి. ఇప్పుడు పగడాలు బతికున్నా చచ్చినా, కొన్ని జాతుల శంఖాలు, గవ్వలతో సహా వన్యప్రాణి చట్టం కిందికి వచ్చాయి. విమానాశ్రయంలో సంచి తెరిపిస్తే జవాబు చెప్పుకోవలసింది యాత్రికుడే. అందుచేత ఇది ‘నీ కొరకు’ కాదా అంటారేమో. చట్టం వచ్చిన కారణం చూడాలి. ఒడ్డున ఖాళీగా కనిపించే శంఖం ఖాళీ ఇల్లు. మెత్తని వెనకభాగమున్న ఒక పీత ఎదిగినకొద్దీ పాత శంఖం వదిలి పెద్దది వెతుక్కుంటుంది. యాత్రికుడి షోకేసులో చేరిన ప్రతి శంఖం ఆ పీతకు దొరకని ఇల్లే. అద్దె ఇళ్ల కరువు ఎరిగినవాళ్లకు దీనికి వేరే వ్యాఖ్య అక్కర్లేదు.

‘నగదు తెచ్చుకో’ మీద ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబులు వచ్చాక పట్టణంలో ఫోనుతో చెల్లింపులు సాఫీగానే సాగుతున్నాయి. ఈ సలహాలో సగం పాతబడింది. మిగిలిన సగం మాత్రం చిన్న దీవులకు వర్తిస్తుంది. వేళ్లమీద లెక్కించదగ్గ ఏటీఎంలున్న చోట పండగ సెలవుల్లో వచ్చినవాళ్లంతా వాటి ముందే వరస కడితే, పెన్షను తీసుకోవాల్సిన ముసలాయన ఆ వరసలో చివరన నిలబడాలి.

‘పొద్దు గుంకకముందే’. ద్వీపాలు సుమారు 92¾ డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నాయి, గడియారం మాత్రం 82½ డిగ్రీలది. నలభై నిమిషాలు సూర్యుడే ముందు. డిసెంబరులో సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది. హైదరాబాద్ లెక్కన ఆరింటిదాకా ఈదుదామనుకున్నవాడు మొసలి వేళకు నీళ్లలో ఉంటాడు. ఉప్పునీటి మొసళ్లు ఇక్కడ నిజంగానే ఉన్నాయి, 2010లో హేవ్‌లాక్ దగ్గర ఒక పర్యాటకురాలి ప్రాణం తీశాయి. ఇది అచ్చంగా యాత్రికుడి కొరకే చెప్పిన మాట; ఇక్కడ పూర్వపక్షి గెలిచాడని ఒప్పుకుంటున్నాను. అయితే ఆ చలికాలపు రాత్రుల్లోనే తాబేళ్లు ఒడ్డెక్కి ఇసుకలో గుడ్లు పెడతాయని, సెల్‌ఫోను దీపం చూసి అవి వెనక్కి మళ్లుతాయని కూడా చెప్పకపోతే టీకా అసంపూర్ణం.

మరో పూర్వపక్షం. సలహా చెప్పడానికి ప్రోతరాపూర్‌వాడెవడు? అతడూ వచ్చినవాడేగా? ఖైదీల సంతతి, బెంగాలీ శరణార్థులు, రాంచీ కూలీలు, తమిళులు, ఉత్తరాంధ్ర నుంచి వేటకూ పనికీ ఓడెక్కిన మనవాళ్లు. 2011 లెక్కల్లో ద్వీపాల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగే. ఆ లెక్కన అందరూ యాత్రికులే. 2005లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రజ్ఞులు ఓంగీ ఆదివాసుల, గ్రేట్ అండమానీయుల డీఎన్‌ఏ చూసి, ఆఫ్రికా నుంచి బయల్దేరిన తొలి మానవుల వారసులుగా వారిని గుర్తించారు. అంటే వాళ్లూ వచ్చినవాళ్లే. పసుపు కార్డు అడిగేవాడు లేని రోజుల్లో వచ్చారు, అంతే తేడా. ఇదంతా ఒప్పుకున్నా ఆక్షేపణ నిలవదు. అడవిలో ఆగకూడదన్న నిబంధన యాత్రికుడికెంతో ప్రోతరాపూర్ డ్రైవరుకూ అంతే, మీరితే కేసు ఇద్దరి మీదా ఉంటుంది. తాను కూడా తలవంచే మాటనే పక్కవాడికి చెప్పేవాణ్ని నీకేం అర్హత ఉందని అడగడం న్యాయం కాదు.

పాఠాంతరం. కొందరు రెండో వాక్యాన్ని ‘బండి ఆపించకు’ అని చదువుతారు. వైయాకరణులు దీన్ని ప్రేరణార్థకమంటారు. స్టీరింగు యాత్రికుడి చేతిలో ఉండదు. బ్రేకు మీద కాలు పెట్టేది డ్రైవరు. వెనక సీట్లోంచి ‘అన్నా, ఒక్క నిమిషం, ఒక్క ఫొటో’ అన్న పిలుపు, దాంతోపాటు ముందుకు జరిగిన ఐదువందల నోటు లేకపోతే ఆ కాలు కదలదు. ‘ఆపకు’ అంటే తప్పంతా నెలవారీ వాయిదాలు కట్టుకునే డ్రైవరుది. ‘ఆపించకు’ అంటే నోటు తీసినవాడిది. అక్షరం ఒక్కటే పెరుగుతుంది. సూత్రకర్త దాన్ని పొదుపు చేసుకున్నా, ఈ టీకాకారుడు రెండో పాఠాన్నే గ్రహించాడు.