రెక్క సిలబస్‌లో లేదు

ఫిజియోథెరపీలో చేరిన మొదటి ఏడాదే మన పిల్లలు మనిషిని నిలువునా మింగేస్తారు. 206 ఎముకలు, వాటిని పట్టుకున్న కండరాలు, ఒక్కోదానికీ ఆరిజిన్, ఇన్సర్షన్, నెర్వ్ సప్లై, యాక్షన్. నమిలే తీరిక లేదు. పరీక్ష హాల్లో కక్కేస్తారు. రెండో ఏడాదికి కడుపు ఖాళీ.

మెడలోంచి చేతిలోకి దిగే నరాల అల్లికనే చూడండి, బ్రేకియల్ ప్లెక్సస్. ఐదు రూట్స్, మూడు ట్రంక్స్, ఆరు డివిజన్స్, మూడు కార్డ్స్, ఐదు బ్రాంచెస్. గుర్తుండడానికి ఒక మంత్రం: ‘రాబర్ట్ టేలర్ డ్రింక్స్ కోల్డ్ బీర్’. తాడేపల్లిగూడెం కుర్రాడు ఊరూ పేరూ తెలియని ఆ రాబర్టుకి రాత్రంతా బీరు పోస్తూ కూర్చుంటాడు. ఊళ్లోంచే ఏలూరు కాలువ పోతుంటుంది. విజ్జేశ్వరం దగ్గర గోదావరిలో బయల్దేరి, లాకులు దాటి, పిల్లకాలువలుగా చీలి, బోదెలై చేలో పడుతుంది. ఎక్కడ పూడితే ఎవరి చేను ఎండుతుందో వాళ్ల తాత నిద్రలో లేపినా చెబుతాడు. నరమూ అంతే: మెడ దగ్గర నొక్కుకుంటే వేలికొసన తిమ్మిరి. కానీ కాలువ సిలబస్‌లో లేదు. బీరు ఉంది.

ఇంతలో ఆ కుర్రాడి దగ్గరికి కొల్లేరు లంకల నుంచి ఒక పెద్దాయన వస్తాడు. చేపల చెరువుల్లో వల లాగిలాగి భుజం బిగుసుకుపోయింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేల్చేసిన చెరువు గట్లు చాలాచోట్ల మళ్లీ లేచాయి. ఆయన చెయ్యి మాత్రం లేవడం లేదు.

‘రెక్క లెగట్లేదు బాబూ, నరం పట్టేసింది.’

కుర్రాడి బుర్రలో ఇండెక్సు గిర్రున తిరుగుతుంది. రెక్క లేదు. జబ్బ లేదు. తుంటి, పిక్క అసలే లేవు. పైగా పెద్దాయనకి నరమన్నా, రక్తనాళమన్నా, కండని ఎముకకి కట్టే తాడన్నా అన్నీ నరమే. మనవాడికి వాటి తేడా తెలుసు, రాయమంటే నాలుగు పేజీలు రాస్తాడు. వేలు పెట్టి చూపించమంటేనే చిక్కు. పుస్తకంలో బొమ్మకి చర్మం ఉండదు. పెద్దాయనకి ఉంది, దాని మీద చొక్కా కూడా ఉంది.

అప్పుడు మెషీను ఆదుకుంటుంది. రెండు ప్యాడ్లు, ఒక స్విచ్చి, పదిహేను నిమిషాలు. మనవైపు జనం ఫిజియోథెరపీని ‘కరెంటు పెట్టించుకోవడం’ అంటారంటే తప్పెవరిది?

ఫిజియోల పేరు ముందు ‘డా.’ ఉండాలా వద్దా అన్నదానికి మాత్రం అందరికీ ఒంట్లో కరెంటు పుడుతుంది. 2025 సెప్టెంబరు 9న వద్దంటూ ఢిల్లీ నుంచి ఉత్తరం దిగింది. మర్నాడే వెనక్కి పోయింది. పెద్దాయన రెక్క గురించి ఇంత చురుగ్గా ఒక్క ఉత్తరమూ కదలదు.

పదిహేను నిమిషాలూ అయ్యాయి. పెద్దాయన ప్యాడ్లు పీకించుకుని అడిగాడు: ‘మళ్లీ వల లాగడానికి ఎప్పుడెళ్లొచ్చు బాబూ?’

దానికి మెషీన్లో బటన్ లేదు. మనవాళ్లు మాత్రం ఎప్పుడో ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నారు: రెక్కాడితే గాని డొక్కాడదు. పరీక్షలో వస్తే ఇలా రాసుకోండి. ఆరిజిన్: రెక్క. ఇన్సర్షన్: డొక్క. నెర్వ్ సప్లై: చెరువు ఆసామి కేక. యాక్షన్: ఆ రోజు కూలి.