ఉడుముకు అరబ్బీ ఇంటిపేరు

ఊరి చివర ఉడుము కనబడితే చాలు, మన వార్తా చానళ్లకు అది ‘మానిటర్ లిజార్డ్’ అయిపోతుంది. బడిలో ఒక మానిటర్, బల్ల మీద ఒక మానిటర్, పుట్టలో ఇంకొకటి: ఎవరు ఎవరిని కనిపెట్టుకుని ఉన్నారో తేలదు. ఈ గందరగోళానికి మందు అరబ్బీలో ఉందని నా వాదన.

అరబ్బులు ఈ జంతువును వరల్ అంటారు, వరన్ అనీ పలుకుతారు. ఆ మాట యూరప్ చేరేసరికి జర్మన్ చెవులకు ‘వార్నెన్’లా వినబడింది. వార్నెన్ అంటే హెచ్చరించడం. దాంతో హెచ్చరించే బల్లి పుట్టింది, లాటిన్‌లోకి దిగి మానిటర్ అయింది. పేరొచ్చాక ఉద్యోగం చూపాలి కదా! నైలు ఒడ్డున మొసలి వస్తుంటే మనుషుల్ని ముందే అప్రమత్తం చేసేది ఇదేనన్నారు. వెనక కాళ్ల మీద లేచి మెడ సాచి చూసే అలవాటు దానికుంది కాబట్టి సాక్ష్యమూ దొరికింది. తీరా చూస్తే నైలు ఉడుము మొసలి గూళ్లు తవ్వి గుడ్లు మింగే ఘటం. కన్నం వేసేవాడికే కాపలా టోపీ పెట్టినట్టయింది.

ప్రపంచమంతటికీ ఒకే పేరుండాలి, అందుకే మానిటర్ అంటున్నామని కొందరనవచ్చు. ఆ ఒకే పేరు ఎప్పుడో ఉంది. 1820లో జర్మన్ శాస్త్రవేత్త మెర్రెమ్ అరబ్బీ మాటకే లాటిన్ తోక తగిలించి ‘వరానస్’ అన్నాడు. మన ఉడుము వరానస్ బెంగాలెన్సిస్. ఇండొనేషియాలో మూడు మీటర్ల దాకా పెరిగే కొమొడో డ్రాగన్‌దీ అదే ఇంటిపేరు. తెలుగువాళ్లకు అరబ్బీ ఎందుకనేవాళ్లూ ఉంటారు. జిల్లా, తాలూకా, వకీలు, హాజరు, ఖాళీ ఎక్కడివి మరి? అరబ్బీ లేకుండా మన తహసీలు ఆఫీసులో పూట గడవదు. ఇన్ని మాటలకు చోటిచ్చిన భాషకు ఒక్క వరల్ బరువవుతుందా?

ఇంతా చేసి బల్లి పేరు కోసమా అంటే, పేరు మారిస్తే ప్రాణం పోయే జంతువిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో మన ఉడుముకు చోటుంది. అయినా దాన్ని చంపి, ఒక భాగాన్ని ఎండబెట్టి, ‘హత్తా జోడీ’ అనే అరుదైన వేరుగా అమ్ముతున్నారు. జోడించిన చేతుల్లా ఉంటుంది, ఇంట్లో ఉంటే డబ్బు నిలుస్తుందంటారు. సింధూరంలో ముంచి బీరువాలో దాచుకున్న ఆ ‘వేరు’ నిజానికి మగ ఉడుము జననాంగం. కొన్నవాడికి లక్ష్మి నిలిచిందో లేదో గానీ, ఉడుముకు మాత్రం వంశం నిలవలేదు.

అందుకని శాస్త్రం చదివేచోట వరానస్ అందాం, మిగతా అన్నిచోట్లా తమిళ మలయాళాల్లోనూ చుట్టాలున్న మన ఉడుమునే ఉడుంపట్టు పడదాం. ఆ రెండు పేర్లూ తెలిసి, జంతువును జంతువుగా గుర్తుపట్టేవాడికి వేరు పేరుతో ఏదీ అంటగట్టడం అంత సులువు కాదు.