సముద్రానికి వీపు పెట్టి కూర్చోండి
పుదుచ్చేరిని చూసి నేత, అల్లిక నమూనాలు చేసే విద్యార్థులకు కొన్ని అడ్డం సలహాలు

టెక్స్‌టైల్ డిజైన్ చదివే పిల్లలకు పుదుచ్చేరి అంటే ప్రాణం. ఆవపసుపు గోడలు, గులాబీరంగు కాగితప్పూలు, బీచ్ రోడ్డు, సాయంత్రం వెలుగు. రెండు రోజులు తిరిగి వెయ్యి ఫొటోలతో వెళతారు. నెల తర్వాత వాళ్ల బోర్డు మీద ఒక పసుపు ముక్క, ఒక గులాబీ ముక్క, అలల కోసం రెండు నీలం చారల ముక్కలు ఉంటాయి. తిప్పి చూస్తే అన్నీ ఒకటే సాదా నేత. ఊరు మారితే రంగులు మారతాయి, బట్ట మాత్రం మారదు. ఇది నన్ను బాధపెడుతుంది, ఎందుకంటే ఈ పిల్లల చేతుల్లో పనితనం ఉంది.

అందుకే మీ కాలేజీలో చెప్పేదానికి చాలాచోట్ల ఎదురు చెబుతున్నాను. మీ గైడుకు ఇవి తలకిందుల మాటల్లా కనిపించవచ్చు. నేను మాత్రం ప్రతి మాటా నమ్మే చెబుతున్నాను.

బీచ్ రోడ్డుకు వెళ్లకండి

కనీసం మొదటి మూడు రోజులు వెళ్లకండి. అక్కడ చూడటానికి ఉన్నదంతా రంగే. రంగు మగ్గానికి ఏ ప్రశ్నా వేయదు. మీకు కావలసింది కట్టడం, అంటే ఒకదాని మీద ఒకటి ఎలా నిలబడింది, ఏది దేన్ని పట్టుకుంది అన్నది.

పాత ఇంట్లోకి ఎవరైనా రానిస్తే తల పైకెత్తండి. ఈ ఊరి పాత ఇళ్లలో చాలావాటికి మద్రాస్ టెర్రస్ కప్పు ఉంటుంది. దగ్గరదగ్గరగా వేసిన చెక్క దూలాల మీద ఇటుకలను అంచు మీద నిలబెట్టి, సున్నంతో, ఏటవాలు వరుసల్లో పేరుస్తారు. పెచ్చు ఊడినచోట ఆ వరుసలు బయటపడతాయి. అది ట్విల్. ట్విల్‌లో ప్రతి పేకకూ దారాలు పెనవేసుకునే చోటు ఒక పోగు పక్కకు జరుగుతుంది, ఆ జరుగుడే కంటికి ఏటవాలు గీతగా కనబడుతుంది. ఇటుక ఎంత జరిగిందో, ఎన్ని ఇటుకలకు వరుస మళ్లీ మొదటికి వచ్చిందో గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపండి. నాలుగు ఫ్రేముల మగ్గానికి సరిపోయే నమూనా చేతికొస్తుంది. దానికి ఇటుక రంగు వేయాలన్న కోరిక పుడుతుంది. వేయకండి.

తర్వాత ఆ ఇంట్లోనే పేము కుర్చీ ఉందేమో చూడండి. దాని సీటులో బద్దలు నిలువుగా రెండు, అడ్డంగా రెండు, ఏటవాలుగా అటొకటి ఇటొకటి వెళతాయి. మగ్గానికి ఉన్నవి రెండే దిక్కులు: పడుగు, పేక. ఏటవాలు బద్దలను ఏం చేస్తారు? వదిలేస్తారా? పడుగు పోగులను ఒకదాని మీదుగా ఒకటి మెలేసి జాలీ నేత నేస్తారా? లేక మగ్గం వదిలి నిట్టింగ్ మెషీన్ దగ్గరికి వెళ్లి, లూపులను పక్క సూదికి మారుస్తూ లేసులా ఏటవాలు తెస్తారా? మీ ప్రాజెక్టు మొత్తం ఈ ఒక్క ప్రశ్నలో ఉంది. కుర్చీ ఫొటోను జాకార్డ్ మీద ముద్రలా దింపితే ఆ ప్రశ్న మాయమైపోతుంది.

సముద్రం తప్పదనుకుంటే వైత్తికుప్పం వైపు నడవండి. అక్కడ వలలు బాగుచేస్తుంటారు. నీళ్లకు వీపు పెట్టి ఆ చేతుల వైపు తిరిగి కూర్చోండి. చాలామంది విద్యార్థులు వలను చూసి నిట్ నమూనా మొదలెడతారు. వలలో ప్రతి కంటికీ ముడి ఉంటుంది, ఒక దారం తెగితే ఆ ఒక్క కన్నే పోతుంది. అల్లికలో ముడి లేదు, ఒక లూపు జారితే కింది దాకా నిచ్చెనలా విడిపోతుంది. ఈ తేడా చేతికి తెలిశాక మీరు చేసే జాలీకి ఒక కారణం ఉంటుంది.

ఫోన్ లోపల పెట్టి టేపు బయటికి తీయండి

ఒక్క వస్తువు, ఒక్క చదరపు అడుగు. దాన్ని కొలవండి, లెక్కపెట్టండి, వంకరగానైనా గీయండి. అందంగా గీయడం వచ్చినవాళ్లు ఎడమ చేత్తో గీయండి, లేకపోతే మీ గీత మీ కంటిని మోసం చేస్తుంది. బౌహౌస్‌లో నేత నేర్చిన ఆనీ ఆల్బర్స్ టైప్‌రైటర్ మీద అక్షరాలూ గుర్తులూ వరుసగా కొట్టి బట్ట ఉపరితలాన్ని పోలిన అభ్యాసాలు చేసింది. మీ దగ్గర టైప్‌రైటర్ లేకపోయినా గళ్ల నోటుబుక్కు ఉంది. అది చాలు.

రంగును చివరికి నెట్టండి

అన్నిటికంటే ఎక్కువ వ్యతిరేకత వచ్చేది దీనికే. రంగుల కాంబినేషన్‌తో మొదలుపెట్టమని అందరూ చెబుతారు. నేను మొదటి పది నమూనాలూ తెల్లబరచని నూలుతో, ఒకే నంబరుతో చేయమంటాను. 2/40 అయితే 2/40, అంతే. రంగు లేనప్పుడు బట్ట నిజం చెబుతుంది. ట్విల్ వాలిందో లేదో, రిబ్ సాగి వెనక్కి వచ్చిందో లేదో అప్పుడు దాగదు.

ఈ మాటకు ఆధారం ఈ ఊళ్లోనే ఉంది. 1734 ప్రాంతంలో బోల్యూ అనే ఫ్రెంచ్ నావికాధికారి, పారిస్‌లోని ద్యుఫే అనే రసాయన శాస్త్రవేత్త కోరిక మీద, పుదుచ్చేరిలో ఒక చిత్రకారుడి చేత తన కళ్లముందే అద్దకం బట్ట చేయించుకున్నాడు. ఒక్కో దశ పూర్తికాగానే బట్టలోంచి ఒక ముక్క కత్తిరించి, ఏం చేశారో రాసి పక్కన పెట్టాడు. ఆ రాతప్రతి, ఆ ముక్కలతో సహా, పారిస్‌లోని సహజ చరిత్ర మ్యూజియంలో ఉంది. అది నేటికీ గొప్ప శాంపిల్ పుస్తకం. చివరి పువ్వు అందం కంటే దానికి ముందటి ముక్కలే అందులో విలువైనవి.

కొన్నేళ్లకు, 1742లో, కేర్దూ అనే జెసూట్ పాదిరి ఇదే విషయం మీద వివరంగా ఉత్తరం రాశాడు. తెలుగు నేర్చి తెలుగు–సంస్కృతం–ఫ్రెంచ్ నిఘంటువు కూర్చిన మనిషి ఆయన, కాబట్టి మనకూ కొంత చుట్టమే. కలంకారి బట్టను ముందు కరక్కాయ కలిపిన గేదె పాలలో తడిపి ఆరబెడతారని ఆ ఉత్తరం చదివితే తెలుస్తుంది. కరక్కాయలోని వగరు రంగును పట్టుకోవడానికి సాయం చేస్తుంది. పాలలోని కొవ్వు, కలం గీసినచోట ద్రవం పాకిపోకుండా ఆపుతుంది. శ్రీకాళహస్తిలో ఈ పని ఇప్పటికీ చూడవచ్చు. రంగు రాకముందే ఇంత జరుగుతుంది. మీ ముక్కలోనూ జరగాలి.

ఇంకో సంగతి. పుదుచ్చేరి నుంచి నీలిమందు అద్దిన గినే అనే నూలు బట్ట సెనెగల్‌కు వెళ్లేది. అక్కడి తుమ్మ జిగురు వ్యాపారంలో అది డబ్బులా చెల్లేది. యూరప్‌లో దానికి నకళ్లు తయారైనా కొనేవాళ్లు పుదుచ్చేరి బట్టనే కోరేవారు. తడిమి చూసేవారు, మెరుపు చూసేవారు, వాసన కూడా చూసేవారు. మీ ప్రాజెక్టు పేరులో విజువల్ అన్న మాట ఉండవచ్చు. అయినా బట్టను పరీక్షించేది చెయ్యే. నమూనా పూర్తయ్యాక కళ్లు మూసుకుని పట్టుకోండి. పక్క ముక్కకూ దీనికీ తేడా తెలియకపోతే ఒకటి తీసేయండి.

కాపీ కొట్టండి

సొంతంగా చేయమని మీకు మొదటి రోజు నుంచే చెబుతారు. చేతిలో ఏమీ లేనప్పుడు సొంతం ఎక్కణ్నుంచి వస్తుంది? ఆదివారం మహాత్మాగాంధీ రోడ్డు సంతలో ఒక గళ్ల లుంగీ, పాత టీషర్టు కొనండి. భూతద్దం పెట్టి లుంగీలో అంగుళానికి పడుగు ఎన్ని, పేక ఎన్ని అని లెక్కపెట్టండి. అంచు దగ్గర పోగులు ఎందుకు చిక్కబడ్డాయో చూడండి. గళ్ల వరుస రాసుకుని అలాగే, ఒక్క పోగు మార్చకుండా, నేయండి. టీషర్టును విప్పి చూడండి. ఏ చివర నుంచి విడిపోతుంది, ఏ చివర నుంచి మొండికేస్తుంది? నిట్టింగ్ పుస్తకంలో సగం అక్కడే తేలిపోతుంది.

తెలుగు పిల్లలు సెలవుల్లో పుట్టపాక వెళ్లి తేలియా రుమాలు కూడా అలాగే చదవాలి. నూనె, బూడిద నీళ్లతో నానిన నూలును నేయకముందే లెక్క ప్రకారం కట్టి అద్దుతారు. ఒక్క పోగు లెక్క తప్పితే బొమ్మ అంచు చెదురుతుంది. ఆ చిన్న చెదురుపాటే దాని ముఖం కూడా. నకలు చేసి చూడనివాళ్లకు అది లోపంలా కనిపిస్తుంది.

లెక్కల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్ల దుబాసీగా ఉన్న ఆనందరంగ పిళ్లై మనకు కస్తూరి రంగకవి ఛందోగ్రంథంతో గుర్తుంటాడు. ఆయన రోజువారీ రాతల్లో గుడ్డల బేళ్లు, ధరలు, వర్తకులతో ఒప్పందాలు మళ్లీ మళ్లీ వస్తాయి. 18వ శతాబ్దపు పుదుచ్చేరిని చూడాలంటే ఆ లెక్కలు కూడా విజువల్ రీసెర్చే అని నా అభిప్రాయం.

ముగ్గును బొమ్మగా నేయకండి

గుమ్మం ముందు కోలం కనబడగానే దాన్ని బట్ట మీదికి ఎక్కించాలనిపిస్తుంది. మెలిక ముగ్గు పెట్టే చేతిని చూడండి. ఒకే గీత చుక్కల చుట్టూ తిరిగి బయలుదేరిన చోటికి వస్తుంది. నేతకు రెండు దారాల గుంపులు కావాలి, అల్లికకు ఒక్క దారం చాలు. కాబట్టి మెలిక ముగ్గు అల్లిక వైపు మొగ్గుతుంది. చుక్కల వరుసలు మాత్రం మగ్గానికి బాగా కుదురుతాయి.

ఇళ్లలో వాడే పంచ్ కార్డ్ నిట్టింగ్ మెషీన్‌లో వరుస 24 సూదులకు తిరిగి మొదలవుతుంది. అంటే మీ మెలిక 2, 3, 4, 6, 8, 12, 24లో ఏదో ఒకదానిలో ఇమడాలి. ఐదు చుక్కల ముగ్గు పట్టదు. విద్యార్థులు ఇక్కడ మెషీన్‌ను తిట్టుకుంటారు. ఆ ఇరుకును పట్టుకుని ఉండమని నా సలహా. ఐదు చుక్కల్ని ఆరు చేసినప్పుడు, ఆ ఖాళీ ఆరో చుక్క దగ్గర లూపును అల్లకుండా సూది మీద నిలిపితే, బట్ట అక్కడ ముడుచుకుని ఉబ్బుతుంది. ఏ ఫొటోలోనూ లేని ఉబ్బు అది.

కావాలని చెడగొట్టండి

అచ్చులో నాలుగు పళ్లు ఖాళీగా వదలండి. ఒక లూపు జారవిడిచి ఎక్కడ ఆగుతుందో చూడండి. నూలుతో పాటు విస్కోస్ వేయండి, తర్వాత వేడి నీళ్లలో ఉతకండి. తడిస్తే నూలు బలపడుతుంది, విస్కోస్ బలహీనపడుతుంది, రెండూ ఒక్కలా ముడుచుకోవు. ఉతకని నమూనా కొలతను నమ్మకండి.

తక్కువ చేయండి

నలభై చిన్న ముక్కలు అడుగుతారు. అరచేతంత ముక్క చాలా దాస్తుంది. అది వేలాడదు, జారదు, భుజం మీద కూర్చోదు. ఐదు ముక్కలు, ఒక్కోటి మీటరు. దీనికి మార్కులు తగ్గితే తగ్గనివ్వండి.

మీటరు నేస్తే కాలం కూడా తెలుస్తుంది. ఈ విషయం ఈ ఊరికి బాగా తెలుసు. రోడియర్ మిల్లుగా పేరుపడి 1898లో మొదలైన ఏఎఫ్‌టీ మిల్లు 2020లో మూతపడింది. అంతకు చాలా ముందు, 1936 జూలై 30న, సవానా మిల్లు దగ్గర కార్మికుల మీద జరిగిన కాల్పుల్లో 12 మంది చనిపోయారు. ఆ పోరాటం తర్వాత 1937లో ఫ్రెంచ్ ఇండియాలో ఎనిమిది గంటల పనిదినం చట్టమైంది. పుదుచ్చేరి మూడ్ బోర్డుల్లో ఈ మిల్లుల గోడలు నాకు కనబడవు. కడలూరు రోడ్డు వైపు వెళ్లి ఏఎఫ్‌టీ గోడ పక్కన కాసేపు నడవండి. ఆ తర్వాత మీ మీటరు బట్టకు ఎన్ని గంటలు పట్టిందో, ఆ గంటలకు ఒక మనిషికి ఎంత కూలి ఇవ్వాలో లెక్కకట్టండి.

ఇక ట్యాగు. ముక్కను అట్టకు అంటించకండి, వెనకవైపు చూడనివ్వాలి. మూలన రంధ్రం చేసి దారంతో కట్టండి. నూలు నంబరు, అంగుళానికి పోగులు లేదా లూపులు, ఉతకక ముందు కొలత, ఉతికాక కొలత, ఏ వస్తువు చూసి మొదలుపెట్టారు, ఎన్ని గంటలు పట్టింది. ఇవన్నీ పెన్సిల్‌తో రాయండి. పెన్ను ఇంకు తడిస్తే పాకి బట్టను కూడా పాడుచేస్తుంది.