నా చిల్లర బతుకు

నేను పుట్టింది వనస్పతి కోసం. పసుపు రేకు మీద ఆకుపచ్చ చెట్టు బొమ్మ ఉన్న డాల్డా డబ్బాని. ఒక పెళ్లివారింట్లో నాలోని సరుకు బూందీకి అయిపోయాక, ఆ ఇంటాయన నన్ను తోమించి, ఎండబెట్టించి, చంకలో పెట్టుకుని రేకుపని సాయిబు దగ్గరికి తీసుకెళ్లాడు.

"మూతకు చిల్లి పెట్టు సాయిబూ. రూపాయి బిళ్ల పట్టాలి, మడిచిన నోటు పట్టాలి, చెయ్యి మాత్రం పట్టకూడదు."

"హుండీయా బాబూ? ఏ దేవుడికి?"

"దేవుడికి కాదోయ్, లయన్స్ క్లబ్బుకి."

సాయిబు ఉలితో నాలుగు దెబ్బలు కొట్టి అంచులు లోపలికి మడిచాడు. ఒక మూల సరిగ్గా మడతపడలేదు. ఆ మూల తర్వాత చాలామంది పెద్దమనుషుల వేళ్లు గీరింది. అందులో నా తప్పేమీ లేదు.

కృష్ణా డెల్టాలో ఓ మోస్తరు ఊరు మాది. క్లబ్బులో రైసుమిల్లు ఆయన, మందుల షాపు ఆయన, ఇద్దరు డాక్టర్లు, ఒక ప్లీడరు, ఎరువుల డీలరు ఉండేవారు. గుమ్మం దాటి లోపలికొస్తే అందరి పేర్ల ముందూ "లయన్" చేరేది. బయట బాకీల దగ్గర తగువుపడ్డవాళ్లు కూడా లోపల "లయన్ గారూ" అని పిలుచుకోవాల్సిందే. ఏటా జూలైలో కొత్త ప్రెసిడెంటు ప్రమాణం చేసేవాడు. వచ్చిన వక్త ఎవరైనా ఉపన్యాసం ఒకటే. 1917లో షికాగోలో మెల్విన్ జోన్స్ అనే బీమా వ్యాపారి ఈ సంఘానికి నాంది పలకడం, 1925లో హెలెన్ కెల్లర్ వచ్చి చీకటి మీద యుద్ధం చెయ్యండని లయన్లను అడగడం, 1956లో మన దేశంలో అడుగుపెట్టడం. నాకు కంఠతా వచ్చేసింది.

నన్ను మోసేవాడిని టైల్ ట్విస్టర్ అంటారు. సభ నడుస్తుండగా లేచి జరిమానాలు వేయడం అతని పని. కోటుకు పిన్ను పెట్టుకోలేదు, రూపాయి. ఆలస్యంగా వచ్చాడు, రూపాయి. పేపర్లో ఫొటో పడింది, రెండు రూపాయలు. పడలేదని మొహం మాడ్చుకున్నాడు, రెండు రూపాయలు. దీనికీ రాతకోతలున్నాయి సుమండీ. ఒక్క సభలో ఒకరికి రెండుసార్లకు మించి వేయకూడదు, బోర్డు పెట్టిన హద్దు దాటకూడదు, వేశాక అప్పీలు లేదు. టైల్ ట్విస్టర్‌కే జరిమానా వేయాలంటే సభలో ఉన్నవాళ్లంతా ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి. నాకు తెలిసి మా క్లబ్బులో ఏకగ్రీవంగా జరిగిన పని అదొక్కటే, అదీ ఒక్కసారే.

ఈ నవ్వుల వెనక నాకో దిగులుండేది. క్లబ్బు పద్దులు రెండు. జనం దగ్గర వసూలు చేసిన ప్రతి పైసా సేవా ఖాతాలోకి పోవాలి, అది మళ్లీ జనానికే ఖర్చు కావాలి. మెంబర్ల చందాలు, నా కడుపులో పడే జరిమానాలు ఆఫీసు ఖాతాకు. అంటే పోస్టు కార్డులకు, హాలు అద్దెకు, సభ అయ్యాక ఇచ్చే మిక్చరు పొట్లాలకు. ఊళ్లో సేవ పేరు చెప్పి బెనిఫిట్ షో వేసినా, టికెట్లు అమ్మి తంబోలా ఆడించినా, సావనీరు అచ్చేసి ఎరువుల షాపుల దగ్గర అరపేజీ, పావుపేజీ ప్రకటనలు లాగినా ఆ డబ్బు తోలుసంచిలో పోయేది. నాకు మిక్చరే గతి.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. పోయినవాళ్లు పదివేలకు తగ్గరన్నారు. ఎన్టీ రామారావు, నాగేశ్వరరావు వంటివాళ్లే జోలె పట్టి వీధుల్లోకి వచ్చిన రోజులవి. మావాళ్లూ బయల్దేరారు. తోలుసంచికి తాళం ఎక్కడ పెట్టారో కనిపించక, ఎవరో నన్ను అందుకున్నారు. ట్రెజరర్ ఊరుకోలేదు. నన్ను తలకిందులు చేసి, అడుగున మూడుసార్లు కొట్టి, ఐదు పైసలు కూడా అంటుకోలేదని నలుగురికీ చూపించాకే కదలనిచ్చాడు. జరిమానా డబ్బు ఉప్పెన డబ్బులో కలవకూడదని ఆయన పట్టు.

అంత బరువు నేను అంతకుముందూ ఎరగను, ఆ తర్వాతా ఎరగను. కూరగాయల బజారులో తడిచేతులతో వేసిన బిళ్లలు లోపల ఒకదానికొకటి అతుక్కున్నాయి. చిల్లిలో పట్టని నోట్లను నా గరుకుమూల చించబోతే ప్లీడరుగారు పుల్లతో తోసేవారు. సాయంత్రం పాత పేపరు పరిచి నన్ను బోర్లిస్తే బిళ్లలతో పాటు చెల్లని కాణీలు, ఒక చొక్కా గుండీ, ఒక చీటీ పడ్డాయి. "మా దగ్గర డబ్బు లేదు. రెండు చీరెలు ఉన్నవి. వచ్చి తీసుకెళ్లగలరు." ఊరూ పేరూ లేదు. ఇద్దరు మెంబర్లు నన్ను తిప్పిన దారినే మళ్లీ లాంతరు పట్టుకుని తిరిగారు. దొరకలేదు. మర్నాడు పులిగడ్డ మీదుగా అవనిగడ్డకు పోయే లారీలో బియ్యం బస్తాలు, దుప్పట్లు ఎక్కించారు. ఆ రెండు చీరెలు మాత్రం ఎక్కలేదు. లారీ ఎక్కిన సరుకంతా మరిచిపోయాను గానీ అవి ఇంకా గుర్తున్నాయి.

మావాళ్ల అసలు పని కంటి శిబిరాలు. సంక్రాంతి సెలవుల్లో హైస్కూలు ఖాళీ చేయించి, డ్రాయింగు గదిని సున్నం వేసి కడిగి ఆపరేషన్లకు ఇచ్చేవారు. మిగతా గదుల్లో గడ్డి పరిచి పైన చాపలు. అప్పట్లో కంట్లో పెట్టే లెన్సులు మా ఊరిదాకా రాలేదు. శుక్లం తీసేసి, కట్టుకట్టి, కదలొద్దని పడుకోబెట్టేవారు. మానాక సోడాబుడ్డి కళ్లద్దాలు ఇచ్చేవారు. వాటి బరువుకు ముక్కు మీద గుంటలు పడేవి. వాటిలోంచి చూస్తే గుమ్మం దగ్గరికి వచ్చినట్టుంటుందని ముసలివాళ్లు గాల్లో కాలెత్తి గడపను వెతుక్కునేవారు.

ఓ ఏడు నన్ను అక్కడ మందుచుక్కల సీసాల పక్కన బల్ల మీద ఉంచారు. కట్టు విప్పిన ఒక పెద్దావిడ నా దగ్గరికొచ్చి కొంగుముడి విప్పి రెండు రూపాయల నోటు చిల్లిలో దూర్చింది.

"ఇక్కడ డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు మామ్మగారూ" అన్నాడు టైల్ ట్విస్టర్.

"ఊరికే చేయించుకుంటే కన్ను నిలవదు నాయనా."

సమస్య అక్కడే వచ్చింది. లోపల అంతకుముందు సభలో వేసిన జరిమానా నోట్లు కొన్ని ఉన్నాయి. ట్రెజరర్ మూత తీయించాడు. అన్నీ నలిగిన నోట్లే, ఆవిడది ఏదో తేలలేదు. చివరికి ఆవిడే వంగి, కొత్త అద్దాలు సర్దుకుని, పసుపు మరకున్న నోటు ఏరి చూపించింది. ఆయన దాన్ని విడిగా తీసి, సేవా ఖాతాలో జమకట్టి, రెండు రూపాయలకు రసీదు రాసిచ్చాడు. ఆవిడకు చదువు రాదు. రసీదును నాలుగు మడతలు పెట్టి నోటున్న చోటనే ముడేసుకుంది. రసీదు కాగితం ఖర్చెంతని ఎవరో వేళాకోళం చేస్తే, ఆ రాత్రి సభలో అతనికి రూపాయి జరిమానా పడింది.

ఊరు పెరిగాక క్లబ్బూ పెరిగింది. బస్టాండు దగ్గర నీళ్ల కుండీ కట్టారు. నీళ్లకంటే ముందు దాత పేరు కనిపిస్తుంది. ఒకప్పుడు నవ్వుకునేవాణ్ని. పేరు కోసం కట్టించినా నీళ్లు చల్లగానే ఉన్నాయని తర్వాత సర్దుకున్నాను. ప్రెసిడెంటు మారినప్పుడల్లా పాత కుండీకి కొత్త రంగేసి మళ్లీ ప్రారంభించడం మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు.

1987లో ఆడవాళ్లనూ మెంబర్లుగా చేర్చుకోవచ్చని పైనుంచి నిబంధన మారింది. మావాళ్లకు అది తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది, లేదా తెలియనట్టుండటానికి. చివరికి చేరిన లెక్కల టీచరమ్మ టైల్ ట్విస్టరయ్యాక తొలి జరిమానా ఉపన్యాసం పొడిగించిన ప్రెసిడెంటుకే వేసింది. నా గరుకుమూలను ఆకురాయితో రుద్ది నునుపు చేసింది కూడా ఆవిడే.

ఇప్పుడు జరిమానాలు ఫోన్లో కడుతున్నారు. నా పని పోయిందనుకున్నాను. పోయినేడు నా మూత ఊడదీసి, వాడి పారేసిన కళ్లద్దాలు సేకరించడానికి హైస్కూలు గేటు దగ్గర పెట్టారు. బాగున్నవాటికి నంబరు చూసి అవసరమైనవాళ్లకు ఇస్తారట. ఒక కుర్రాడు వాళ్ల తాతమ్మవి తెచ్చాడు. సోడాబుడ్డివి, ఒక కొమ్మకు దారం చుట్టి ఉంది.

"రసీదు ఇస్తారా అండీ?"

"కళ్లద్దాలకు రసీదేంటి బాబూ" అన్నాడు బల్ల దగ్గర కూర్చున్న కొత్త ట్రెజరర్.

సాయంత్రం అద్దాల షాపు అబ్బాయి వచ్చి ఒక్కో జత మిషన్ కింద పెట్టి నంబరు రాసుకున్నాడు. దారం చుట్టినవి చూసి, "ఇంత పవరు ఇప్పుడెవరికీ అక్కర్లేదు సార్, అందరికీ లోపలే లెన్సు పెట్టేస్తున్నారు" అని పక్కన పెట్టాడు. మిగతావన్నీ అట్టపెట్టెలో సర్దుకుని వెళ్లిపోయాడు. ఆ జతను పారెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదేమో, తిరిగి నాలోనే పడేసి బీరువా మీదికి ఎక్కించారు.