జిలేబీ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: బోధన్‌లో ఒక జిమ్ము గోడ మీద, అద్దం పక్కన సుద్దముక్కతో రాసిన ఆటవెలది ఇది. కర్త అజ్ఞాతుడు. అనుభవాన్ని బట్టి గృహస్థు అని ఊహ.

మూలం:
నడక చాలునన్న నవ్వు నీ పొట్టయే
బరువు నెత్తుమన్న బరువు హెచ్చు
రెండు చేసి మీద రెండు జిలేబులు
తిన్న, కొవ్వు కరుగు తీరు లేదు

ప్రతిపదార్థం: నడక చాలునన్న = పొద్దున్నే నిజామాబాద్ రఘునాథ చెరువు గట్టు మీద తిరిగొస్తే సరిపోతుందన్నచో; నీ పొట్టయే = సాక్షాత్తు నీ ఉదరమే; నవ్వు = నవ్వును; బరువున్ = ఇనుప ప్లేట్లను; ఎత్తుమన్న = ఎత్తుమని కోచ్ చెప్పగా విన్నచో; బరువు = తూకం మిషన్ చూపునట్టిది; హెచ్చు = పెరుగును; రెండు చేసి = ఆ రెండు సాధనలూ చేసి; మీద = ఆపైన; రెండు జిలేబులు తిన్న = వేడివేడిగా తిన్నచో; కొవ్వు కరుగు తీరు = ఆ కొవ్వు పోయే దారి; లేదు = లేదు.

తాత్పర్యం: స్పష్టం. కాని స్పష్టమైనదాన్ని వదిలేస్తే వ్యాఖ్యాతకు పని ఉండదు.

విశేషాలు: రెండో పాదంలో యమకం. మొదటి బరువు చేతిలోది, రెండోది ఒంటిది. ఇది కవి చమత్కారం మాత్రమే కాదు, శాస్త్రసమ్మతం కూడా. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్ళు స్థూలకాయుల చేత ఎనిమిది నెలలు సాధన చేయించి, 119 మంది ఫలితాలను 2012లో ప్రకటించారు. ఒట్టి బరువులెత్తిన గుంపులో తూకం కిలోకు కాస్త తక్కువగా పెరిగింది. పెరిగింది కండ. కొవ్వు పెద్దగా తగ్గలేదు. పరుగు, నడక గుంపుకు కొవ్వు తగ్గింది. రెండూ చేసినవాళ్ళకు కొవ్వు తగ్గి కండా వచ్చింది గాని, రెట్టింపు సమయం పట్టింది.

ఇక్కడ కోచ్ పూర్వపక్షం: "అన్నా, వెయిట్స్ గట్టిగ కొడితే నిద్రల గూడ కొవ్వు కాలుతది." సమాధానం: కాలుతుంది, నిజమే, ఎంతన్నదే ప్రశ్న. తీవ్ర సాధన తర్వాత ఒళ్ళు కొంతసేపు అదనంగా ఖర్చు పెడుతుంది గాని, అది సాధనలో ఖర్చయినదానిలో చిన్న వాటా. ఇక కొత్తగా వచ్చిన కిలో కండ, ఊరికే ఉన్నా, రోజుకు సుమారు 13 కెలోరీలు తింటుంది. అంటే మూడు గ్రాముల చక్కెర, చాయ్‌లో ఒక చెంచా కూడా నిండదు.

నడకవాదులు సంతోషించనక్కర్లేదు. డెబ్బై కిలోల మనిషి గంటసేపు చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది ఇంచుమించు 250 కెలోరీలు. పరుగెత్తితే 500 పైచిలుకు. కిలో కొవ్వులో ఉన్నది 7,700. ముప్పై గంటలు నడవాలి, ఆ ముప్పై గంటల్లో చాయ్ బండి దగ్గర ఆగకుండా. పొట్ట నవ్వేది ఇందుకే.

అట్లని బరువులు వృథా అనరాదు. తిండి తగ్గించి నడిచినవాడికి కొవ్వుతో పాటు కండా పోతుంది. బరువెత్తేవాడికి ఆ కండ నిలుస్తుంది. నిజామాబాద్ బిడ్డ, బాక్సర్ నిఖత్ జరీన్ 2022 మేలో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో ప్రపంచ విజేత అయి, ఆగస్టుకల్లా బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో 50 కిలోల విభాగంలో స్వర్ణం కొట్టింది. బాక్సర్‌కు రెండు కిలోలు తగ్గితే చాలదు, పిడికిలిలో దెబ్బ తగ్గకూడదు. నా ఓటు ఎటంటే, కొవ్వు తీసేది తిండి, దానికి తోడు నడకా పరుగూ. తీసేటప్పుడు మనిషిని మిగిల్చేది బరువు.

'కరుగు' అన్నది లాక్షణికం. కొవ్వు చెమటగా కారిపోదు, ఎండలో స్వెట్టర్ వేసుకొని పరుగెత్తేవాళ్ళు గమనించగలరు. పది కిలోల కొవ్వు ఖర్చయితే 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువై ఊపిరిలో పోతుందని 2014లో ఇద్దరు ఆస్ట్రేలియా వాళ్ళు లెక్క తేల్చారు. మిగతాది నీరు.

శంక: బోధనే ఏకచక్రపురమని స్థానికుల నమ్మకం కదా, బకాసురుడికి పోయే బండెడు అన్నం తానే తిని, చెట్టు పీకి కొట్టిన భీముడు కార్డియో చేసెనా? సమాధానం: చేయలేదు. ఆయనకు వృకోదరుడని పేరు రావడం కూడా గమనించాలి.

అసలు రెండు సాధనలూ కలిసిన చోటు జిమ్ము కాదు, చెరకు తోట. చెరకును మొదలంటా నరికి, ఆకు దూసి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకొని పలక మీదుగా బండెక్కించే కూలీకి పొట్ట ఉండటం నేను చూడలేదు. ఆ చెరకు ఆడేందుకు బోధన్ షక్కర్‌నగర్‌లో 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 చివర మూతబడింది. చక్కెర మాత్రం మన గ్లాసుల్లో మూతబడలేదు.

పాఠాంతరం: కొన్ని గోడల మీద 'రెండు పూరీలును' అని ఉంది. ఛందస్సు చెడలేదు, కెలోరీలూ తగ్గలేదు. 'మీద నొక్క జిలేబిని' అని దిద్దుదామని ఒక ఆరోగ్యాభిలాషి ప్రయత్నించాడు. గణాలు కుదిరాయి గాని యతి చెడింది. అందుచేత రెండే తినవలసి వచ్చింది.