దోమ కంటపడకుండా జనాభా పాఠం చెప్పడం ఎలా?
బన్సీలాల్‌పేట్ సైన్సు టీచర్లకు ఎనిమిది చిట్కాలు

ఆవరణ వ్యవస్థలో జీవుల సంఖ్య ఎందుకు పెరుగుతుంది, ఎందుకు తగ్గుతుంది? ఈ పాఠం చెప్పడంలో సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట్ టీచర్లకు పెద్ద చిక్కే ఉంది. పిట్టగోడ మీద పావురాలు, గల్లీలో కుక్కలు, డ్రమ్ముల్లో దోమలు... కిటికీ తెరిస్తే చాలు, పాఠం తనే లోపలికొచ్చేస్తుంది. పిల్లలకు నిజంగానే అర్థమైపోయే ప్రమాదముంది. కాబట్టి ముందు కిటికీ మూసి, ఆ తర్వాత ఇవి పాటించండి.

1. పాఠం కెనడాలో మొదలుపెట్టండి. మంచు కుందేలు పెరిగితే దాన్ని తినే లింక్స్ పిల్లి పెరుగుతుంది, కుందేలు తగ్గితే అదీ తగ్గుతుంది, ఇంచుమించు పదేళ్లకో చుట్టు. బొమ్మ వేయించండి, రంగులద్దించండి. అయితే ఈ సంగతి ఎలా తెలిసిందో మాత్రం చెప్పొద్దు. హడ్సన్ బే కంపెనీ వాళ్లు బొచ్చుతోళ్ల వ్యాపారం కోసం ఏటేటా లెక్క రాసుకున్నారు, ఆ చిట్టాలే ఆధారం అన్నారో, పిల్లలు రేపే నోటుబుక్కు పట్టుకుని పావురాల మీద పడతారు.

2. బన్సీలాల్‌పేట్ మెట్లబావి దరిదాపులకు పిల్లల్ని పోనివ్వకండి. 17వ శతాబ్దం నాటిదని చెప్పే ఆ బావి దశాబ్దాలపాటు చెత్తతో పూడిపోయి ఉండింది. పూడిక తీసి, బాగు చేసి 2022 డిసెంబరులో తెరిచారు. చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తున్నారు. మీ పిల్లలు వెళ్తే మాత్రం పిచ్చి ప్రశ్నలు వేస్తారు. చెత్త ఉన్నప్పుడు ఇక్కడ ఏవి బతికాయి? నీళ్లొచ్చాక ముందు ఏది చేరింది? తూనీగ ఎక్కడ గుడ్లు పెడుతుంది? వీటికి గైడులో జవాబుల్లేవు. సెల్ఫీ దిగే పనైతే పంపొచ్చు.

3. గుడ్ల లెక్క సగంలో ఆపేయండి. ఒక ఆడదోమ సుమారు 100 గుడ్లు పెడుతుంది. అందులో సగం ఆడవే అనుకుంటే తర్వాతి తరానికి 5,000, ఆపై తరానికి 2,50,000. బోర్డు మీద సున్నాలు చూసి క్లాసంతా నోరెళ్లబెడుతుంది. సరిగ్గా అప్పుడే గంట కొట్టించండి. ఆలస్యమైతే వెనక బెంచీ నుంచి ఎవరో లేస్తారు: "సార్, మరి ఈపాటికి సికింద్రాబాద్ అంతా దోమలే ఉండాలి కదా, ఎందుకు లేవు?" నీళ్లెండిపోయి కొన్ని, చేపల నోట పడి కొన్ని, తూనీగ పిల్లలు తిని కొన్ని, తిండి చాలక కొన్ని చస్తాయి అని చెప్పాల్సొస్తుంది. పాఠమంతా ఆ ఒక్క జవాబులో అయిపోతుంది. తర్వాతి పీరియడ్లలో ఏం చెబుతారు?

4. కారణం ఒక్కటే ఉండాలి. ఏది తగ్గినా సెల్ టవర్, ఏది పెరిగినా కాలుష్యం. పుట్టినవెన్ని, చచ్చినవెన్ని, వచ్చినవెన్ని, పోయినవెన్ని అని నాలుగు ఖాతాలు వేయడం అకౌంట్స్ వాళ్ల పని. రాబందుల ఊసు అసలే వద్దు. మన దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి 99కి పైగా పోయాయి. ఏళ్ల తరబడి వెతికితే 2004లో తేలిన కారణం డైక్లోఫినాక్, పశువుల నొప్పి మందు. ఆ మందు పడ్డ పశువు కళేబరం తిని రాబందులు చచ్చాయి. 2006లో పశువులకు దాని వాడకం నిషేధించారు. ఇంత తిరుగుడు కథ చెబితే సెల్ టవర్‌కున్న మర్యాద పోతుంది.

5. గంబూసియా చేపను హీరోను చేయండి. దోమ పిల్లల్ని తింటుంది, నిజమే. అది ఉత్తర అమెరికా చేప అనీ, 1928లో మన దేశానికి తెచ్చారనీ, ఇక్కడి చేపపిల్లల్నీ కప్ప టాడ్‌పోల్స్‌నూ కూడా వదలదనీ, ప్రపంచంలో అతి హానికరమైన 100 చొరబాటు జాతుల జాబితాలో ఉందనీ చెప్పకండి. హీరో విలన్ పాత్ర కూడా వేస్తే పిల్లలు తికమకపడతారు.

6. రొనాల్డ్ రాస్‌ను బిట్టు ప్రశ్నగానే ఉంచండి. 1897 ఆగస్టు 20, బేగంపేట, మలేరియా, 1902 నోబెల్. బేగంపేట ఇక్కడి నుంచి ఆటోలో పోయే దూరమే, అయినా పిల్లల్ని తీసుకెళ్లకండి. ఆయన తర్వాత లెక్కగట్టి మరీ ఒక మాటన్నాడు: మలేరియా పోవాలంటే దోమలన్నిటినీ చంపనక్కర్లేదు, వాటి సంఖ్య ఒక హద్దు కిందికి దిగితే చాలు. ఇది తెలిస్తే సైన్సు పీరియడ్‌లోకి లెక్కల సారు జొరబడతాడు.

7. లెక్కపెట్టించక తప్పకపోతే ఒక్కసారే పెట్టించండి. కూలర్ తొట్టిలో పురుగులు ఎన్నో ఈవారం రాయించి, రికార్డులో సంతకం పెట్టేయండి. వచ్చేవారం మళ్లీ లెక్కపెడితే తేడా కనిపిస్తుంది, తేడా కనిపిస్తే ఎందుకని అడుగుతారు. 2020లో "ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు" అని నిల్వనీళ్లు పారబోయమన్నారు గుర్తుందా? వారానికోసారే ఎందుకంటే, గుడ్డు దోమ కావడానికి ఇంచుమించు అంత సమయం పడుతుంది గనుక. పిల్లలకు నినాదం నేర్పండి, కారణం అనవసరం.

8. దోమల మందు కొట్టే పొగబండి మీద చర్చ రానివ్వకండి. "టీచర్, మంగళవారం పొగ కొట్టిండ్రు, శుక్రవారానికి దోమలు మళ్లొచ్చినయ్" అని ఎవరైనా అంటే కూర్చోమనండి. పొగ ఎగిరే దోమనే చంపుతుంది, డ్రమ్ములో పెరిగే పిల్లల్ని ముట్టదు అన్న సంగతి ఆ అమ్మాయి సగం కనిపెట్టేసింది. మిగతా సగం చేతికందనివ్వడం మన వృత్తికి మంచిది కాదు.

ఇవన్నీ పాటిస్తే పాఠం రెండు పీరియడ్లలో ముగుస్తుంది. "సమతుల్యత" అన్న మాట అందరికీ నోటికొస్తుంది, ఐదు మార్కులూ పడతాయి. ఆగస్టులో సగం క్లాసు జ్వరాలతో బడికి రాకపోతే కంగారు పడకండి, హాజరుపట్టీలో ఆబ్సెంట్ వేయండి. అదీ జనాభాలో మార్పే, కాకపోతే సిలబస్‌లో లేదు.